కారు అక్కర్లేని కొండలు: లోకల్ రైలూ ఎర్ర బస్సూ చేర్చే సహ్యాద్రి కాలిబాటలు

ట్రెక్కింగ్ గురించి రాసే వ్యాసాల్లో చాలావరకు కారు ఎక్కడ ఆపాలి అన్న దగ్గర మొదలవుతాయి. ముంబై, పుణేల మధ్యనున్న సహ్యాద్రి కొండల విషయంలో ఆ ప్రశ్నతో పనే లేదు. అక్కడ కొండలెక్కేవాళ్లలో చాలామంది లోకల్ రైలులో వచ్చి, స్టేషన్ బయట టీ తాగి, అక్కడినుంచే నడక మొదలుపెడతారు. రెండు గంటల ప్రయాణానికి రెండో తరగతి టికెట్టు యాభై రూపాయల లోపే. క్రీస్తుపూర్వపు గుహలు, మరాఠాల కోటలు, చిరుతలు తిరిగే అడవి, అన్నీ రైలు దిగిన చోటునుంచి నడక దూరంలోనో షేర్ ఆటో దూరంలోనో ఉంటాయి.

చవక కావడం ఒక్కటే ఇందులోని సుగుణం కాదు. కారులో వెళ్లినవాళ్లు ఎంత ఎక్కినా మళ్లీ కారు దగ్గరికే దిగిరావాలి. రైలులో వెళ్లినవాళ్లకు ఆ కట్టు లేదు. ఒక స్టేషన్లో దిగి, కొండ దాటి, అవతలి వైపు ఇంకో స్టేషన్లో రైలెక్కవచ్చు. నిజానికి ఈ బాటలు పుట్టిందే అలా దాటడం కోసం. కింద కొంకణ తీరంలోని రేవుల నుంచి పైన దక్కను పీఠభూమికి సరుకు మోసిన దారులివి. కొండ దాటితేనే వాటి అసలు తీరు కాలికి తెలుస్తుంది. అలాంటి దారులు కొన్ని ఏవి, వాటికి ఎలా చేరాలి, బస్సు రాని రోజున ఏమవుతుంది అన్నదే ఇక్కడి విషయం.

రైలు కొండ దగ్గరికి ఎందుకు వెళ్లింది

సహ్యాద్రి అంటే లావా పేర్చిన కొండలు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట విడతలు విడతలుగా పొంగి పారిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టి నల్లరాయి అయింది. అందుకే ఇక్కడి కొండ మన తెలంగాణ గ్రానైట్ గుట్టలా గుండ్రంగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక నిట్టనిలువు గోడ, దానిపైన చదును, మళ్లీ ఒక గోడ. ఆ చదునును మరాఠీలో ‘మాచీ’ అంటారు, నిలువు కొండచరియను ‘కడా’ అంటారు. కొంకణ వైపునుంచి చూస్తే వందల మీటర్ల ఎత్తున గోడ కట్టినట్టే ఉంటుంది. ఆ గోడకు అక్కడక్కడా సందులున్నాయి. పెద్దవాటిని ఘాట్ అన్నారు, రెండు శిఖరాల మధ్య చిన్న పల్లాన్ని ‘ఖిండ్’ అన్నారు. మనుషులు, గాడిదలు, ఎద్దులు, సైన్యాలు అన్నీ ఆ సందుల్లోంచే పోవాలి.

రైలుకూ వేరే దారి దొరకలేదు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణేకు మొదటి రైలు నడిచింది. కొండ దాటడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఆగ్నేయంగా పుణే వైపు పోయే భోర్ ఘాట్ మార్గం 1863లో, ఈశాన్యంగా నాసిక్ వైపు పోయే థళ్ ఘాట్ మార్గం 1865లో తెరుచుకున్నాయి. ఆ పనిలో కలరాకు, ప్రమాదాలకు బలైన కూలీలు వేలల్లో ఉన్నారు. భోర్ ఘాట్‌లో ప్రతి 37 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే వాలు ఉంది. ఇప్పటికీ కర్జత్‌లో రైలు వెనక అదనపు ఇంజన్లు తగిలించి పైకి నెడతారు. కర్జత్ స్టేషన్ వడాపావ్‌కు పేరు రావడానికి ఆ ఆగుడే కారణం.

ఈ రెండు రైలు మార్గాల మీదనే ముంబై లోకల్ రైళ్లు కర్జత్ వరకూ, కసారా వరకూ వెళ్తాయి. రెండూ ఘాట్‌కు సరిగ్గా కింద ఉన్న ఊళ్లు. అంటే పాత వర్తకుడు ఎక్కడ మూట దించి పైకి చూసేవాడో మీ లోకల్ రైలు కూడా సుమారుగా అక్కడే ఆగుతుంది. ఆ వర్తకుల విరాళాలతో బౌద్ధ భిక్షువులు తొలిపించుకున్న గుహలూ ఆ ఘాట్‌ల అంచునే ఉన్నాయి. భోర్ ఘాట్ పైన కార్లా, భాజా, బేడ్సే, కింద కొండాణే, నానేఘాట్ అవతల జున్నర్. వాటికి కాపలాగా తర్వాత కోటలు వచ్చాయి.

నానేఘాట్: సాతవాహనుల సుంకపు దారి

తెలుగు పాఠకులు ఒక్క దారే నడవగలిగితే ఇదే నడవమంటాను. కల్యాణ్ రైల్వే స్టేషన్ బయటే బస్టాండు ఉంది. అక్కడినుంచి ముర్బాడ్, మాళ్‌శేజ్ ఘాట్ మీదుగా జున్నర్, ఆళేఫాటా, అహిల్యానగర్ వైపు పోయే బస్సు ఎక్కి, టోకావడే, వైశాఖరే దాటాక నానేఘాట్ మొదలయ్యే చోట దించమని కండక్టరుకు చెప్పాలి. బస్సులో రెండు గంటలు, అటూ ఇటూగా. రోడ్డు పక్కనుంచే అడవిబాట మొదలవుతుంది. మొదట ఆకురాల్చే అడవిలో మెల్లటి ఎక్కుడు, తర్వాత రాతి పలకలు పరిచిన మెట్ల దారి, చివర రెండు గోడల మధ్య ఇరుకు సందు. మామూలు నడకకు రెండున్నర, మూడు గంటలు చాలు. పక్కన బొటనవేలిలా నిలబడి ఉండే శిఖరాన్ని ‘నానాచా అంగఠా’ అంటారు, అంటే నానా బొటనవేలు.

సందు పైకి చేరేముందు కుడివైపున రాతిలో తొలిచిన గది ఒకటుంది. చూడడానికి ఖాళీ గది. దాని గోడల మీద బ్రాహ్మీ లిపిలో ఉన్న పెద్ద శాసనం దక్కను చరిత్రకు మూలస్తంభాల్లో ఒకటి. సాతవాహన రాజు మొదటి శాతకర్ణి భార్య నాగనికది (నాయనిక అని కూడా రాస్తారు) అని పండితులు చెప్పే ఈ శాసనంలో అశ్వమేధం, రాజసూయం లాంటి యాగాలూ, వాటిలో దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, ఏనుగులు, కార్షాపణాల లెక్కలూ ఉన్నాయి. ఆ లెక్కల్లో వాడిన అంకెలు భారతదేశంలో దొరికిన పాత అంకెల్లో చేరతాయి. ఈనాడు ప్రపంచమంతా రాసే అంకెల పూర్వరూపాలు కొన్ని అందులో పోల్చుకోవచ్చు. వెనక గోడకు ఒకప్పుడు రాజకుటుంబం వారి శిల్పాలు వరుసగా ఉండేవి. ఇప్పుడు పాదాల ఆనవాళ్లు, పైన చెక్కిన పేర్లు మాత్రమే మిగిలాయి. ఆ పేర్లలో మొదటిది సిముకుడిది. అదే సిముకుడి నాణేలు కరీంనగర్ ప్రాంతంలో, గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికాయి. ఆ రెండు చోట్లనూ ఒకే రాజ్యంగా చూడాలంటే పాఠ్యపుస్తకం పటం కన్నా ఈ సందు బాగా పనిచేస్తుంది. కింద కల్యాణ్, సోపారా రేవుల వైపు దిగే లోయ కనిపిస్తుంది. వెనక్కి తిరిగితే జున్నర్ మీదుగా పైఠణ్ వైపు పోయే పీఠభూమి.

సందు దాటగానే నడుమెత్తున ఒక రాతి కాగు ఉంది. బేరగాళ్ల దగ్గర వసూలు చేసిన సుంకం అందులో వేసేవారని స్థానికులు చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, కింద ఇంత ఇరుకు దారి ఉన్నప్పుడు సుంకం తప్పించుకోవడం మాత్రం కష్టమే.

పైకి కారు రోడ్డు కూడా వస్తుంది. జున్నర్ నుంచి ఘాట్‌ఘర్ మీదుగా పైదాకా నేరుగా రావచ్చు, చాలామంది అలాగే వచ్చి ఫోటో తీసుకుని పోతారు. కింది నుంచి ఎక్కి వచ్చినవాళ్లకు ఆ రోడ్డు ఇంకో రకంగా పనికొస్తుంది. ఘాట్‌ఘర్ దాకా నడిచి, అక్కడినుంచి బస్సో జీపో పట్టుకుని జున్నర్ చేరితే పుణేకు బస్సులు దొరుకుతాయి. కల్యాణ్‌లో మొదలుపెట్టి పుణేలో ముగించడం, సాతవాహనుల నాటి బేరగాడి ప్రయాణంలో మొదటి అంచె అది. జున్నర్‌లో ఒక రాత్రి ఆగగలిగితే మర్నాడు లేణ్యాద్రి గుహలు, శివాజీ పుట్టిన శివ్‌నేరి కోట చూడవచ్చు. ఘాట్‌ఘర్ నుంచి బస్సులు రోజుకు కొద్దే కాబట్టి, పైకి చేరగానే మొదట అడగాల్సింది శాసనం గురించి కాదు, బస్సు గురించి.

మళవలీ: ఒకే స్టేషన్, రెండు గుహలు, రెండు కోటలు

పుణే నుంచి లోణావళాకు లోకల్ రైళ్లున్నాయి. లోణావళాకు ముందు స్టేషన్ మళవలీ. చిన్న ఊరు, చిన్న ప్లాట్‌ఫారం. ఉత్తరాన హైవే దాటి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో కార్లా గుహలు, దక్షిణాన అంతకన్నా దగ్గరలో భాజా గుహలు, వాటి పైన విసాపూర్, లోహగడ్ కోటలు.

కార్లాకు మూడు వందలకు పైగా మెట్లెక్కాలి. మెట్ల చివర కోలీల ఇలవేల్పు ఏక్‌వీరా దేవి గుడి ఉంది, జాతర రోజుల్లో గుహ చూడడానికి చోటు దొరకదు. గుహలోని చైత్యం దేశంలోని రాతి చైత్యాలన్నిటిలో పెద్దది, సుమారు 45 మీటర్ల పొడవు. పైకప్పుకు రెండు వేల ఏళ్ల నాటి టేకు వాసాలు ఇప్పటికీ ఉన్నాయి. రాతిని తొలిచి కట్టిన కప్పుకు వాసాలతో పని లేదు. అయినా కర్ర మందిరాలకు అలవాటుపడిన కళ్లకోసం బిగించారు. వైజయంతికి చెందిన భూతపాలుడనే శ్రేష్ఠి, జంబూద్వీపంలోనే శ్రేష్ఠమైన రాతి భవనం ఇదని శాసనంలో చెప్పుకున్నాడు. ఆ గొప్ప మరీ అతిశయోక్తేం కాదు. ఇక్కడి భిక్షువులకు ఒక ఊరిని దానమిస్తూ మామాలలోని అధికారికి గౌతమీపుత్ర శాతకర్ణి పంపిన ఆజ్ఞ కూడా గోడ మీద ఉంది. మామాల అంటే నేటి మావళ్. రైలు దిగిన ఈ తాలూకా పేరు ఇప్పటికీ అదే.

భాజా ఇంకా పాతది, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానిది. 22 గుహలు, ఒకచోట గుంపుగా 14 స్తూపాలు. మధ్యాహ్నం తర్వాత వెళ్తే పడమటి వెలుతురు చైత్యంలోకి నేరుగా పడుతుంది. కాబట్టి ఉదయం కార్లా, సాయంత్రం భాజా అన్న వరుస మంచిది.

కోటలు కూడా చూడాలనుకుంటే కార్లాను వదిలేయక తప్పదు, ఒక రోజులో అన్నీ కుదరవు. భాజా ఊరి నుంచి గంటన్నర నడిస్తే లోహగడ్, విసాపూర్‌ల మధ్య ఉన్న ఖిండ్ వస్తుంది. కుడివైపు లోహగడ్, మెట్లు, నాలుగు దర్వాజాలు, జనం. ఎడమవైపు విసాపూర్, పొదల దారి, కూలిన గోడలు, మనుషులు తక్కువ. లోహగడ్ చివర సన్నటి రాతి వెన్ను కొండ మీదినుంచి తోకలా సాగుతుంది, దాన్ని తేలుకొండి అనే అర్థంలో ‘వించూకాటా’ అంటారు. 1665 పురందర్ ఒప్పందంలో మొగలులకు పోయిన కోట ఇది, 1670లో మరాఠాలు తిరిగి పట్టుకున్నారు. 2025 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన 12 మరాఠా కోటల్లో లోహగడ్, శివ్‌నేరి రెండూ ఉన్నాయి. పన్నెండోది తమిళనాడులోని జింజీ. గుర్తింపు వచ్చాక కోట కింద వాహనాలు మరింత పెరిగే అవకాశమే ఎక్కువ. సెలవురోజున లోహగడ్ రోడ్డు మీద ఆగిపోయిన కార్లను దాటుకుంటూ నడిచి వెళ్లేవాళ్లే ముందు పైకి చేరతారు.

మళవలీ వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. పుణే-లోణావళా లోకళ్లకు మధ్యాహ్నం పూట ఖాళీ ఎక్కువ. ముంబై నుంచి వచ్చేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ముంబై లోకల్ కర్జత్, ఖోపోలీ దగ్గరే ఆగిపోతుంది, ఘాట్ ఎక్కదు. లోణావళా దాకా ఎక్స్‌ప్రెస్ రైలు పట్టుకుని అక్కడ పుణే లోకల్ మారాలి.

కొండ దాటే మరో రెండు దారులు

లోణావళాలో దిగి రాజ్‌మాచీ మీదుగా కర్జత్‌కు దిగడం ఈ ప్రాంతంలో తరతరాల విద్యార్థులు నడిచిన దారి. లోణావళా నుంచి రాజ్‌మాచీ కింద ఉన్న ఉధేవాడీ అనే పల్లె దాకా పదిహేను కిలోమీటర్లకు పైగా నడవాలి, అయితే ఎక్కువ భాగం చదునే. ఊరి పైన జంట కోటలున్నాయి, శ్రీవర్ధన్, మనరంజన్. ఊళ్లో ఇళ్లలోనే భోజనం, పడక దొరుకుతాయి. జొన్న రొట్టో బియ్యపు రొట్టో, పిఠలా, పచ్చిమిరపకాయల ఠేచా, చాలాసార్లు అదే భోజనం. అంత దూరం నడిచాక ఇంకేమీ అక్కర్లేదు కూడా. మర్నాడు పొద్దున్నే ఉల్హాస్ నది లోయలోకి దిగితే దారిలో కొండాణే బౌద్ధ గుహలు, ఆ కింద కొండివడే ఊరు, అక్కడినుంచి కర్జత్ స్టేషన్‌కు షేర్ ఆటో. దిగుడు నిటారుగా ఉంటుంది కాబట్టి మోకాళ్లు గట్టిగా ఉండాలి. మే చివర్లో, జూన్ మొదట్లో తొలకరికి ముందు ఈ అడవంతా మిణుగురులతో నిండిపోతుంది. ఆ రెండు వారాలూ జనంతోనూ నిండిపోతోంది. మిణుగురులకు చీకటి కావాలి. జీపుల హెడ్‌లైట్లు, వేల టార్చిలైట్లు ఆ చీకటినే చెడగొడుతున్నాయి.

రెండోది మాథేరాన్. 1850లో ఠాణే కలెక్టరు హ్యూ మాలెట్ కంటబడి ఆంగ్లేయుల వేసవి విడిది అయిన కొండ. నేరళ్ నుంచి పైకి 1907లో ఆదమ్‌జీ పీర్‌భాయ్ కుటుంబం వేసిన రెండడుగుల గేజి బొమ్మరైలు ఉంది, వానాకాలంలో కింది భాగం మూసేస్తారు. పైన ఊళ్లోకి మోటారు వాహనాలు రానివ్వరు. మన దేశంలో అలాంటి పట్టణాలు అరుదు. 2003లో కేంద్రం దీన్ని పర్యావరణ సున్నిత ప్రాంతంగా ప్రకటించింది. ఇటీవల కోర్టు అనుమతితో కొన్ని ఈ-రిక్షాలు వచ్చాయి, మనిషి లాగే రిక్షాలకు బదులుగా. కారువాళ్లు ఎలాగూ దస్తూరీ నాకా దగ్గర దిగి నడవాల్సిందే. ఆసక్తి ఉన్నవాళ్లు భివ్‌పురీ రోడ్ స్టేషన్‌లో దిగి, గార్బెట్ పాయింట్ మీదుగా ఎక్కి, మాథేరాన్‌లో తిని, నేరళ్ వైపు దిగి రైలెక్కవచ్చు. ఒక రోజు పని. ఎండాకాలంలో గార్బెట్ వైపు నీడ తక్కువ.

ఇంకా ఎత్తుకు పోవాలనుకునేవాళ్లకు 1,646 మీటర్ల కళ్‌సూబాయి ఉంది, మహారాష్ట్రలో ఎత్తయిన శిఖరం. కసారాలో దిగి జీపో బస్సో పట్టి బారీ ఊరు చేరాలి. నిటారు బండల దగ్గర ఇనుప నిచ్చెనలున్నాయి. హరిశ్చంద్రగడ్‌కు నానేఘాట్ బస్సే పనికొస్తుంది. మాళ్‌శేజ్ ఘాట్ దాటాక ఖూబీ ఫాటాలో దిగి, చెరువుకట్ట మీదుగా ఖిరేశ్వర్ దాకా నడిచి, తోలార్ ఖిండ్ మీదుగా ఎక్కడం. రాత్రి పైన ఉండాల్సిన దారి అది, మొదటిసారి వెళ్లేవారికి కాదు.

ఊరి నడిబొడ్డున అడవి

కొండలెక్కే ఓపిక లేనివాళ్లకు, పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లేవాళ్లకు బోరివలీ చాలు. స్టేషన్‌కు తూర్పున పావుగంట నడిస్తే సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం గేటు. సుమారు 104 చదరపు కిలోమీటర్ల అడవి, చుట్టూ నగరం. కెమెరాలతో చేసిన లెక్కింపుల్లో నలభైకి పైగా చిరుతలు కనిపించిన చోటు. గేటు నుంచి ఆరేడు కిలోమీటర్ల లోపల కాన్హేరీ గుహలు, వందకు పైగా ఉన్నాయి. లోపలికి వాహనాలు నడుస్తాయి, నడిచీ పోవచ్చు. ప్రతి గుహ పక్కనా రాతిలో తొలిచిన నీటితొట్టి, కొండంతటి వాననీటినీ వాటిలోకి మళ్లించే సన్న కాలువలు చూడాల్సినవి. ఒక తొట్టి మీది శాసనంలో వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి ప్రస్తావన ఉంది. ఆమె శకుల మహాక్షత్రపుడి కూతురు. యుద్ధాలు చేసుకున్న రెండు వంశాల మధ్య పెళ్లి సంబంధం జరిగిందని చెప్పే ఆధారం ఒక నీళ్లతొట్టి మీద ఉండడం ముచ్చటగా ఉంటుంది. సోమవారం సెలవు. ఈ ఒక్క ముక్క తెలియక గేటు దాకా వచ్చి వెనుదిరిగేవాళ్లు ప్రతివారం ఉంటారు.

బస్సు ఉంటేనే బాట

మహారాష్ట్రలో ఆర్టీసీ బస్సును ‘ఎస్టీ’ అంటారు, స్టేట్ ట్రాన్స్‌పోర్ట్ అన్న మాటకు పొట్టి రూపం. ఎర్ర రంగు బస్సు, ముద్దుపేరు ‘లాల్ పరీ’. 1948 జూన్ 1న పుణే-అహ్మద్‌నగర్ మధ్య మొదటిది నడిచింది. 2022 ఆగస్టు నుంచి 75 ఏళ్లు దాటినవారికి ఉచితం, 2023 మార్చి నుంచి మహిళలకు సగం చార్జీ. కొండ పల్లెకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చే ఆ బస్సు పల్లెవాళ్లకు బడి, ఆసుపత్రి, సంత. నడకకు వచ్చేవాళ్లు అందులో ఒక సీటు పంచుకుంటారంతే.

అందుకే ఆ బస్సు ఆగితే ఏమవుతుందో 2021 చివర్లో తెలిసింది. తమను ప్రభుత్వోద్యోగులుగా గుర్తించాలని కార్మికులు చేసిన సమ్మె 2022 ఏప్రిల్ దాకా సాగింది. నెలల తరబడి పల్లెలు జీపులవాళ్ల దయమీద బతికాయి. సమ్మె లేకపోయినా సీట్లు నిండని రూటు ఎప్పుడైనా రద్దు కావచ్చు. రూటు రద్దయితే కొండబాట మూతపడదు కానీ, అది కారున్నవాళ్ల సొత్తవుతుంది. పర్యాటకం పెంచుతామనే పథకాల్లో ప్రభుత్వాలు మొదట చూపించేది పార్కింగ్ స్థలాన్ని. ఉదయం ఇంకో బస్సు వేయడానికి అంతకన్నా చాలా తక్కువ ఖర్చవుతుంది. దానితో పల్లెకూ ఉపయోగం ఉంది.

బస్సు విలువ చెప్పే సంగతి ఇంకొకటుంది. 2014 జూలై 30న భీమాశంకర్ దగ్గరి మాళీణ్ ఊరి మీద కొండచరియ విరిగిపడింది. 150 మందికి పైగా చనిపోయారు. పొద్దున ఆ దారిన వెళ్లిన ఎస్టీ బస్సు డ్రైవరు ఊరు ఉండాల్సిన చోట ఊరు కనబడక ఆ కబురు బయటికి తెచ్చాడు. బస్సు తిరగని ఊళ్లో ఆ కబురు ఇంకెంత ఆలస్యమయ్యేదో.

ప్రయాణం వేసుకునేటప్పుడు చివరి బస్సు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టాలి. సాయంత్రం అయిదింటికి బస్సు అంటే నాలుగున్నరకు రోడ్డు మీద ఉండాలి, అంటే ఒంటిగంటకల్లా దిగుడు మొదలవ్వాలి. ఆదివారాల్లో పట్టాల మరమ్మతు కోసం ముంబైలో ‘మెగా బ్లాక్’ పెడతారు, ఆ ప్రకటన శనివారమే చూసుకోవాలి. చాలామంది శనివారం అర్ధరాత్రి దాటాక బయలుదేరే చివరి కర్జత్ లోకల్ ఎక్కి, స్టేషన్లోనే కునుకు తీసి, తెల్లవారుజామున నడక మొదలుపెడతారు. ఫోన్ సిగ్నల్ ఘాట్‌లో పోతుంది కాబట్టి మ్యాపు ముందే దించుకోవాలి. మరాఠీలో దారిని ‘వాట్’ అంటారు, మన ‘బాట’ లాగే వినబడుతుంది. ఆ ఒక్క మాట, చేత్తో చూపించడం చాలు. ఠాకర్, మహాదేవ్ కోలీ, కాత్‌కరీ ఆదివాసీల పల్లెలివి. దారిలో నిమ్మరసం, మజ్జిగ, ఉల్లి భజియాలు అమ్మేది వాళ్లే. ఇంటినుంచి సంచులకొద్దీ తిండి మోసుకొచ్చి ఖాళీ ప్యాకెట్లు మాత్రం అక్కడ వదిలేసి పోవడం కన్నా వాళ్ల దగ్గర కొనుక్కు తినడం అన్నివిధాలా మేలు. స్థానికుణ్ణి గైడుగా పెట్టుకుంటే ఇంకా మంచిది.

వానాకాలం గురించి కచ్చితంగా

సహ్యాద్రి పచ్చగా ఉండేదీ, ప్రాణాలు తీసేదీ జూన్ నుంచి సెప్టెంబరు మధ్యనే. 2023 జూలై 19 రాత్రి ఇర్షాళ్‌గడ్ అనే ప్రసిద్ధ ట్రెక్కింగ్ కోట కింద ఉన్న ఇర్షాళ్‌వాడీ మీద కొండ విరిగిపడింది. 27 మృతదేహాలు దొరికాయి, 57 మంది ఆచూకీ దొరకలేదు. రోడ్డు లేని ఊరు కావడంతో యంత్రాలు చేరలేదు, సహాయం చేయడానికి వెళ్లినవాళ్లు వానలో ట్రెక్కింగ్ బాట మీదే ఎక్కారు. 2024 జూన్ 30న లోణావళాలో భూశీ డ్యామ్ వెనక జలపాతంలో నిలబడ్డ ఒకే కుటుంబానికి చెందిన అయిదుగురు ఒక్కసారిగా వచ్చిన ప్రవాహానికి కొట్టుకుపోయి చనిపోయారు. పైన ఎక్కడో వాన పడితే కింద మడమ లోతు నీళ్లు నిమిషాల్లో నడుము దాటతాయి. ఏటా వానల్లో జిల్లా కలెక్టర్లు జలపాతాలు, కోటల దగ్గర నిషేధాజ్ఞలు పెడతారు, ఏ చోటికి ఏ తేదీ దాకా అన్నది మారుతూ ఉంటుంది. ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఉన్న రోజున నిషేధం లేకపోయినా వెళ్లకూడదు. తడిసిన నల్లరాయి సబ్బులా జారుతుంది.

రైలు పట్టాల వెంట నడవడం ఇంకో జాడ్యం. భోర్ ఘాట్ సొరంగాల దగ్గర ఫోటోల కోసం దిగేవాళ్లున్నారు. గోవా సరిహద్దులోని దూద్‌సాగర్ జలపాతానికి పట్టాల మీదుగా పోయిన వందలమందిని 2023 జూలైలో పోలీసులు ఆపి వెనక్కి పంపారు. ఇది నేరం, పైగా మలుపులో వచ్చే రైలు చప్పుడు జలపాతం హోరులో వినబడదు.

మన వైపు నుంచి

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి దారులు లేవని కాదు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైలులో గంట దూరంలో భువనగిరి ఏకశిల ఉంది. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఆ బండ మీదే. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు వైపునుంచి సుమారు 2,400 మెట్లు. శేషాచలం అడవిలోంచి పోయే ఈ రెండు దారుల మొదలు దాకా బస్సు వస్తుంది, పైనుంచి దిగడానికీ బస్సు ఉంటుంది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపిన తర్వాత పిల్లలతో నడిచేవారికి వేళల ఆంక్షలు వచ్చాయి. భక్తులు కాబట్టి ఎవరూ దాన్ని ట్రెక్కింగ్ అనరు కానీ, బస్సు దిగి కొండ దాటే అలవాటు మనకు కొత్తేం కాదు.

సహ్యాద్రికి వెళ్లాలంటే హైదరాబాద్-ముంబై రైళ్లలో చాలావరకు, విజయవాడ మీదుగా వచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్, పుణే, లోణావళా, కర్జత్, కల్యాణ్ మీదుగానే పోతాయి. అన్నీ అన్నిచోట్లా ఆగవు, టికెట్టు తీసుకునేముందు చూసుకోవాలి. కల్యాణ్ పక్కనే భివండీ. అక్కడి మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి కల్యాణ్ ప్లాట్‌ఫారం మీద తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మొదటిసారి వెళ్లేవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో, పనిరోజున, పుణేలో దిగి మళవలీతో మొదలుపెట్టవచ్చు. కాళ్లు అలవాటు పడ్డాక రెండోసారికి నానేఘాట్. కల్యాణ్‌లో తెల్లవారుజామున దిగితే పొద్దుటి జున్నర్ బస్సు అందుతుంది.